చింతపెంకుల మూట

సోగత్తూరు,
మే 6

నా బంగారు ఆడబిడ్డ ముత్తుసెల్వికి,

మీ వదిన రంగమ్మాళ్ రాసేది. ఇక్కడ అందరమూ బాగుండాము. అందరమూ అని రాసేసినాను గానీ మీ అన్న బాగాలేడు. ఆ సంగతి కిందికి వస్తాను.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నీ హాస్టలు పిల్లలు నవ్వుతారని రాసినావు. నవ్వనీ! నా చెవులు పోయి నాలుగేళ్ళయింది. నువ్వు ఫోన్లో ఎంత అరిచినా నాకు ఈగ ముసిరినట్టే ఉంటుంది. అందులో అక్షరాలు నొక్కడం నా చేతకాదు. ఉత్తరమైతే పదిసార్లు చదువుకుంటాను. పైగా ఇంకో సుఖముంది. కుప్పం పక్కన మా పల్లెలో ఐదో తరగతి దాకా నేర్చుకున్న ఈ తెలుగక్షరాలు, ఈ తమిళ ఊళ్ళో మన ఇంట్లో నీకూ నాకూ తప్ప ఎవరికీ రావు. మీ అమ్మ పోయినాక ఏడేళ్ళ పిల్లవి నా కొంగు పట్టుకుని తిరుగుతుంటే, పలక మీద దిద్దించినాను కదా, దాని పుణ్యం. నీ ఉత్తరం వస్తే మీ అన్న అటూ ఇటూ తిప్పి చూసి, ఏం రాసిందని చెయ్యి తిప్పుతాడు. నాకు ఇష్టమైనంత చదివి చెబుతాను, తక్కింది మింగేస్తాను.

ఇప్పుడు అసలు సంగతి. మన రంగుల షెడ్డు వెనక గుంట నిండి, నీళ్ళు పక్క చేనుగల కన్నప్పన్ బావిలోకి ఊరినాయి. పోయిన సోమవారం కన్నప్పన్ పెండ్లాం తమిళరసి ఒక లోటాలో నీళ్ళు తెచ్చి మన గడప మీద పెట్టింది. ఒక్క మాటా అనలేదు. పెట్టి, నా మొగం చూసి, పోయింది. ఆ నీళ్ళు గులాబీ రంగులో ఉండినాయి సెల్వీ. పోయిన పెండ్లిళ్ళకు మీ అన్న అద్దిన నూలు రంగే అది. నేను ఆ లోటా చేత పట్టుకుని ఎంతసేపు నిలబడినానో నాకే తెలియదు. ఇరవై ఏండ్లుగా వాళ్ళ బావినీళ్ళు తాగినవాళ్ళం మనం!

కన్నప్పన్ ఫిర్యాదు ఇచ్చినాడు. ఇయ్యడా మరి? అధికారులు వచ్చి చూసి, ఆగస్టు మొదట్లో వచ్చే ఆడి నెల పద్దెనిమిది పండుగలోపల రంగునీళ్ళు బయటికి రావడం ఆగాలని, లేకుంటే కరెంటు తీసి షెడ్డుకు సీలు వేస్తామని చెప్పి పోయినారు. పెద్ద మిషన్లు పెట్టే తాహతు మనకు లేదు. మీ అన్న అన్నం సగంలో లేచి చెయ్యి కడుక్కుంటున్నాడు. నువ్వు కోయంబత్తూరులో రెండేళ్ళుగా ఆ కెమిస్ట్రీ చదువుతున్నావే, అందులో ఈ నీళ్ళకు మందేమైనా ఉందా? ఉంటే వెంటనే రాయి. లేకున్నా రాయి.

తలకు నూనె పెట్టుకుంటున్నావా?

నీ మేలు కోరే వదిన,
రంగమ్మాళ్


కోయంబత్తూరు,
మే 12

ప్రియమైన మా వదినకు,

నూనె పెట్టుకుంటున్నాను. ఒట్టు. వారానికి ఒకసారి.

నీ ఉత్తరం చదివి ఆ రోజు క్లాసుకు పోలేదు. తమిళరసి అక్క మాట్లాడకుండా పోయిందని రాశావే, అదే కళ్ళలో మెదులుతోంది. చిన్నప్పుడు జ్వరమొస్తే నన్ను ఎత్తుకుని ధర్మపురి ఆస్పత్రికి పరుగెత్తింది ఆవిడే కదా.

మందు ఉందేమోనని వెతుకుతున్నాను వదినా. నా ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు అదే తీసుకున్నాను. మనం తిని పారేసే వాటిలో కొన్నిటికి రంగును పట్టి ఉంచే గుణం ఉంటుంది. పొడి చేసి రంగునీళ్ళలో వేస్తే రంగు వచ్చి ఆ పొడిని అంటుకుంటుంది, నీళ్ళు తేటపడతాయి. హాస్టలు మెస్సులో అరటితొక్కలు, టీపిప్పి, కోడిగుడ్ల పెంకులు ఏరుకుంటున్నాను. వంటమనిషి నన్ను చూస్తే చాలు, చెత్తబుట్ట ముందుకు తోస్తోంది. అరటితొక్క కొంచెం పట్టింది. టీపిప్పి తన రంగే నీళ్ళకు ఇచ్చింది. మా గైడు వినోదిని మేడమ్ అవి చూసి, "ఇవన్నీ ఎవరో ఒకరు చేసినవే. మీ ఊళ్ళో ఎక్కువగా పారేసేది ఏమిటో చెప్పు" అంది.

అప్పుడు తట్టింది. చింతపండు ఒలిచే కాలంలో మన వీధి వీధంతా పెంకులే కదా! పొయ్యిలోకి పోయేవి పోగా తక్కినవి గాలికి ఎగిరేవి. ఒక మూట పంపించు వదినా. రంగు దిగకుండా పోయే దాకా వేడినీళ్ళలో కడిగి, బాగా ఎండబెట్టి పంపు. అన్నకు ఇప్పుడే ఆశ పెట్టొద్దు.

నీ చిన్న ఆడబిడ్డ,
సెల్వి


సోగత్తూరు,
మే 19

నా సెల్వి కన్నకు,

వారానికి ఒకసారా? సిగ్గులేదూ!

మూట పంపినాను. కోయంబత్తూరు బస్సు కండక్టరుకు ఇచ్చి, కాలేజీ పేరు చీటీ మీద రాయించినాను. చీటీ తమిళంలో మీ అన్నే రాసినాడు, లోపల ఏముందో తెలియకుండానే. మురుకులనుకుంటున్నాడు పాపం. పైన మురుకులు కూడా పెట్టినానులే, అబద్ధమెందుకు.

పెంకులను నాలుగు నీళ్ళు కడిగినాను. మొదటి నీళ్ళు కాఫీ రంగు, నాలుగో నీళ్ళు మామూలే. మిద్దె మీద మూడు ఎండలు ఎండినాయి. నా బిడ్డ చదువుకు పోయే మూట కాబట్టి, ఇంట్లో దాచుకునే చింతపండును ఎట్లా చూసుకుంటానో అట్లా చూసుకుని కట్టినాను. పురుగు పట్టదు, బూజు పట్టదు. నువ్వు మళ్ళీ కడిగే పని పెట్టుకోవద్దు, విప్పి మిక్సీలో వేసుకో.

ఇక్కడ కన్నప్పన్ మీ అన్నను చూస్తే తల తిప్పుకుని పోతున్నాడు. నారు పోసే కాలం వస్తోంది, బావినీళ్ళు టమోటాకు పెట్టాలంటే అతనికి భయం. ఆ భయం మన వల్ల కదా అని నాకు ముద్ద దిగదు. తమిళరసి కరివేపాకు కోసం మన పెరట్లోకి రావడం మానేసింది. నేనే ఒక రెమ్మ తుంచి వాళ్ళ గోడ మీద పెట్టి వచ్చినాను. మరుసటి రోజు కూడా అక్కడే వాడిపోయి ఉండింది.

నీ పొడి పని చేస్తే మొదట నాకు రాయి.

ఎదురు చూసే వదిన,
రంగమ్మాళ్


కోయంబత్తూరు,
జూన్ 10

ప్రియాతిప్రియమైన వదినా, వదినమ్మా, నా తల్లీ,

పని చేసింది!

నువ్వు చెప్పినట్టే విప్పి మిక్సీలో వేశాను. (హాస్టలు మిక్సీ. వంటమనిషికి చెప్పలేదు.) ఎర్ర రంగుపొడిని మంచినీళ్ళలో కలిపి, అందులో మన పెంకుల పొడి వేసి ఒక గంట కలిపి వడగట్టాను. గ్లాసులోకి దిగిన నీళ్ళు చూసి నాకే నమ్మకం కలగలేదు. అవతలి వైపు పెట్టిన పుస్తకంలో అక్షరాలు చదవగలిగాను! మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. వినోదిని మేడమ్ నా వీపు తట్టి, ఆగస్టులో జరిగే సదస్సులో నువ్వే చదవాలని అంది. ఆమె ఎవరినీ తట్టదు వదినా, ఆమె కుర్చీని కూడా తట్టదు.

ఇప్పుడు అన్నకు చెప్పు. నేనూ ఫోన్లో చెబుతాను. మూడు పెద్ద డ్రమ్ములు కావాలి. ఒకదాని కంటే ఒకటి ఎత్తులో, అడుగున కంకర, పైన ఇసుక, ఆ పైన పెంకుల పొడి, బట్ట. రంగునీళ్ళు పైనుంచి కిందికి నిదానంగా దిగాలి. రంగు పట్టిన పొడిని మాత్రం పొయ్యిలో వేయొద్దు, పెంటలో కలపొద్దు. గోనెల్లో కట్టి వేరే పెట్టండి, దాన్ని తీసుకుపోయేవాళ్ళు ఉన్నారు, అధికారులను అడిగితే చెబుతారు.

నువ్వు పంపిన మూట అయిపోయింది. ఇక్కడి మార్కెట్టులోనే పెంకులు కొనుక్కుని ఇంకొన్ని పరీక్షలు చేస్తాను. నీకు మళ్ళీ కడిగే శ్రమ వద్దు.

గాల్లో తేలుతున్న,
సెల్వి


కోయంబత్తూరు,
జూలై 3

వదినకు,

ఈ ఉత్తరం అన్నకు చదివి వినిపించొద్దు. ఒక్క ముక్క కూడా.

ఇక్కడ కొన్న పెంకులతో ఆరుసార్లు చేశాను. కడిగాను, ఎండబెట్టాను, పొడి చేశాను. నీళ్ళు కొంచెం పలచబడ్డాయంతే, ఎరుపు అలాగే ఉంది. రంగుపొడి మార్చాను, కొత్త గాజుసామాను తీసుకున్నాను. ఊహూఁ. ఒకసారి బయట వేరే ఊరి పెంకులూ తెప్పించాను. అంతే.

వినోదిని మేడమ్ నా నోటుపుస్తకం తీసుకుని తన బీరువాలో పెట్టుకుంది. "మొదటి మూడు లెక్కలు నువ్వు కళ్ళతో చూసి రాసినవేనా?" అని అడిగింది. ఆ అడగడంలోనే అంతా ఉంది. నేను అబద్ధం రాయలేదు వదినా. నువ్వు పలక మీద నాకు మొదట దిద్దించిన మాట 'నిజం'. నేను ఎలా రాస్తాను?

నువ్వు ఆ మూటలో పెంకులను ఏం చేశావు? బాగా గుర్తు చేసుకుని రాయి. అన్న డ్రమ్ములు కొన్నానని చెప్పాడు. అక్కడా ఇలాగే అయితే, పండుగకు షెడ్డు మూతపడితే, నా మాట నమ్మి నష్టపోయినట్టే కదా. నాకు నిద్ర పట్టడం లేదు.

సెల్వి


సోగత్తూరు,
జూలై 13

నా చిట్టి తల్లికి,

ఏడుస్తూ రాసినావు, కాగితం మీదే తెలుస్తోంది. మొదట మొగం కడుక్కో. తరువాత చదువు.

నేను ఏమీ చేయలేదు. నాలుగు నీళ్ళు కడిగినాను, ఎండబెట్టినాను, మూట కట్టినాను. పసుపు కూడా అద్దలేదు, కర్పూరం కూడా పెట్టలేదు. దేవుని మీద ఒట్టు.

ఇక్కడ సంగతి విను. పక్కూరు చెట్టికరై నుంచి డ్రమ్ములు తెచ్చి, నువ్వు చెప్పినట్టే పేర్చినాడు మీ అన్న. నేనూ మన షెడ్డులో పనిచేసే మాదేశనూ కూర్చుని, మన వీధి పెంకులే కడిగి, ఎండబెట్టి, పొడి కొట్టి వెంటవెంటనే పోసినాము. నిన్న ముదురు ఎరుపు అద్దిన తొట్టి నీళ్ళు పైన పోసినాడు. కింద కొళాయి తిప్పితే తేటనీళ్ళు వచ్చినాయి! మీ అన్న నోరు తెరుచుకుని చూసినాడు. తరువాత కింద కూర్చుని ఏడ్చినాడు. నేను చూడలేదనుకున్నాడు.

మరి నీకెందుకు రాలేదో, మాకెందుకు వచ్చిందో నాకు తెలియదు. మనవి మంచి పెంకులేమో! మీ మేడమ్‌కు చెప్పు, ఒకసారి సోగత్తూరు వచ్చి తన కళ్ళతో చూసి పొమ్మని. నా ఆడబిడ్డను అనుమానించే ముందు నాతో మాట్లాడమని.

ఇంకొకటి. కన్నప్పన్ గోడ ఇవతలికి వచ్చినాడు! ఆ నీళ్ళు దోసిట్లో పట్టి చూసినాడు. ఇరవై ఆరో తేదీ శుక్రవారం అధికారులు మళ్ళీ చూడడానికి వస్తారంట, వాళ్ళు సరే అంటే ఈ నీళ్ళనే కాలువ తీసి తన టమోటా నారుకు పెట్టుకుంటానన్నాడు. మీ అన్న వాని భుజం మీద చెయ్యి వేసినాడు. రెండు నెలలు దాటినాక ఇద్దరూ ఒకే గట్టు మీద నిలబడినారు సెల్వీ.

ధైర్యంగా ఉండు.

వదిన రంగమ్మాళ్


కోయంబత్తూరు,
జూలై 20

ప్రియమైన వదినకు,

అక్కడ పని చేసిందని చదివి హాస్టలు మెట్ల మీదే కూర్చుండిపోయాను. షెడ్డు నిలబడితే చాలు. నా ప్రాజెక్టు పోతే పోనీ.

పోనీ అని రాశాను గానీ, మనసు ఒప్పుకోవడం లేదు. నువ్వు రాసింది మేడమ్‌కు చెప్పాను. "కారణం తెలియనిది విజయం కాదు ముత్తుసెల్వీ. ఆగస్టు ఐదులోపల కారణం చెప్పు, లేకపోతే ఆ మూడు లెక్కలు కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టు" అంది. ఆమె అన్నది తప్పు కాదు. అక్కడి నీళ్ళలో ఏదో ఉంది, ఇక్కడి నీళ్ళలో లేదు. ఆ మూటలో ఏదో ఉంది, ఈ మూటల్లో లేదు. అదేమిటో నా బుర్రకు అందడం లేదు.

శుక్రవారం అధికారులు ఏమన్నారో వెంటనే రాయి. ఆ రోజు నీకు ఇష్టమైన ఆకుపచ్చ చీర కట్టుకో.

నీ సెల్వి


సోగత్తూరు,
జూలై 28

నా కంటిపాప సెల్వికి,

పచ్చచీర కట్టుకున్నాను. అది కట్టుకునే ఊరి ముందర మీ అన్న పరువు తీసినాను. మొత్తం చదివి తరువాత నన్ను తిట్టు.

శుక్రవారం పొద్దున అధికారులు రాకముందు డ్రమ్ములు తుడుద్దామని పోయినాను. కింది డ్రమ్ము అంచు మీద, నీళ్ళు ఆరినచోట, తెల్లగా పూత పూసి ఉండింది. చూడగానే ఎక్కడో చూసినట్టు అనిపించింది. ఎక్కడో ఏమిటి, మన అటక మీదే! చింతపండు దాచిన కుండ మెడకు ఏటేటా అదే పూత కదా. వేలితో తీసి నాలుక కొసకు తాకించి ఉమ్మేసినాను. ఉప్పు సెల్వీ. కటిక ఉప్పు.

నూలుకు రంగు పట్టాలని మీ అన్న ప్రతి తొట్టిలో గంపలతో ఉప్పు గుమ్మరిస్తాడు కదా. పెంకుపొడి రంగును పట్టుకుంది గానీ ఉప్పును పట్టుకోలేదు. గులాబీ నీళ్ళయితే చూసి ఎవరైనా దూరం జరుగుతారు. ఈ తేటనీళ్ళను చూసి ఎవరు భయపడతారు?

ఇంతలో జీపు వచ్చింది. మీ అన్నకు చెప్పేంత తీరిక లేదు. వాళ్ళు సీసాలో నీళ్ళు పట్టి, పక్కన తాగే నీళ్ళ సీసా పెట్టి, ఎండకు ఎత్తి చూసినారు. పెద్దాయన తల ఊపినాడు. ఒక సీసా పరీక్షకు కట్టుకుని, కాగితం మీద ఏదో రాయబోయినాడు. మీ అన్న నవ్వినాడు సెల్వీ. మే నెల నుంచి ఆ నవ్వు కోసం నేను మొక్కని దేవుడు లేడు. అవతల కన్నప్పన్ పార పట్టుకుని, గట్టు తెగ్గొట్టి నారుకు నీళ్ళు వదలడానికి తయారుగా నిలబడినాడు.

నోరు మూసుకుంటే షెడ్డు నిలిచిపోతుందని నాకు తెలుసు. ఒక్క క్షణం మూసుకున్నాను కూడా, నీ దగ్గర దాచేదేముంది. తరువాత ఆ లోటా గుర్తుకొచ్చింది. పోయి కాలువలో నిలబడినాను.

"కన్నప్పన్నా, గట్టు తెంచొద్దు! ఇవి ఉప్పునీళ్ళు. నీ నారు మాడిపోతుంది!"

చెవిటిదాని గొంతు, కొలత తెలియదు కదా, వీధి చివర దాకా పోయిందంట. జీపాయన నా దగ్గరికి వచ్చి, నువ్వెవరమ్మా అన్నట్టు చెయ్యి ఊపినాడు.

"షెడ్డు ఆయన పెండ్లాన్నే సారూ. నాలుక మీద వేసుకుని చూసినాను" అన్నాను.

మీ అన్న నోరు కదులుతోంది. ఏమన్నాడో నాకు వినపడలేదు. చెవులు పోయినందుకు మొదటిసారి సంతోషపడినాను. తరువాత ఆయన నడిచి వచ్చి, కొళాయి కింద వేలు పెట్టి, తానూ రుచి చూసి, రాయి మీద కూలబడినాడు. కన్నప్పన్ పార కింద పెట్టినాడు.

కొంతసేపటికి మీ అన్నే లేచినాడు. నాకు అర్థం కావాలని నా మొగం ముందుకు వచ్చి, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పినాడు. "రంగమ్మా, నాకు రేపటి తొట్టికి ఉప్పు కావల్లా లేదా? ఈ నీళ్ళను బయటికి ఎందుకు వదలల్ల? మళ్ళీ తొట్టికే పోస్తే?"

జీపాయన ముందుకు వంగి ఇంకోసారి చెప్పమన్నాడు. చివరికి కాగితం మీద రాసిందేమంటే, చుక్క నీరు షెడ్డు దాటకూడదు, ఒక నెల అట్లా నడిపి చూపించండి, అంతవరకు సీలు వేయము అని. నిన్న ఆ నీళ్ళతోనే మీ అన్న నీలం అద్దినాడు. రంగు చక్కగా పట్టింది. ఉప్పు సగం కంటే తక్కువే పడిందని మాదేశన్ నాకు వేళ్ళు చూపించినాడు.

ఇప్పుడు నీ లెక్క. నిన్న ఆ నీలం నూలు చూస్తూ కూర్చున్నప్పుడు తట్టింది. ఉప్పు లేనిదే నూలుకు రంగు పట్టదని మీ అన్న అంటాడే, పెంకుకు కూడా అంతేనేమో! మన తొట్టి నీళ్ళలో ఉప్పు ఉంది కాబట్టి ఇక్కడ పట్టింది. నువ్వు మంచినీళ్ళలో రంగుపొడి కలిపినావు, అందుకే నీకు పట్టలేదు.

మరి మొదటి మూటకు ఎట్లా పట్టింది అంటావా? సెల్వీ, నేను ఒట్టు తప్పినాను. మూట కట్టేటప్పుడు వరుసకొక పిడికెడు కల్లుప్పు చల్లినాను. దాచే చింతపండుకు చల్లమా మరి? నువ్వు ఏం చేసినావని అడిగితే కడిగినాను, ఎండబెట్టినాను అని రాసినానే గానీ, ఉప్పు చల్లడం కూడా ఒక పని అని నాకు తోచలేదు. పొద్దున లేచి వాకిలి చిమ్మినానని ఎవరైనా చెప్పుకుంటారా! పైగా మళ్ళీ కడగొద్దని నేనే రాసినాను.

నువ్వు అబద్ధం రాయలేదు. నా ఉప్పు నువ్వు రాయలేదు, అంతే. ఈ ఉత్తరం మీ మేడమ్‌కు చదివి చెప్పు. దీంతో రెండు మూటలు పంపుతున్నాను. ఎర్రదారం కట్టినదాంట్లో ఉప్పు ఉంది, ఎన్ని పిడికెళ్ళో చీటీ పెట్టినాను. తెల్లదారం దాంట్లో లేదు. నా ఊహ తప్పయితే తప్పని రాయి, నాకేం కోపం రాదు.

నిన్న సాయంత్రం తమిళరసి మళ్ళీ లోటా తెచ్చింది. బావినీళ్ళు. గులాబీ ఇంకా పోలేదు, కొంచెం పలచబడింది, అంతే. గడప మీద పెట్టి నా మొగం చూసింది. నేను తల దించుకున్నాను. ఎన్ని వానలు పడితే ఆ బావి తేరుకుంటుందో మరి.

ఈసారి తిరిగి పోలేదు. లోపలికి వచ్చి, నా పక్కన కూర్చుని, చేట ముందుకు లాక్కుని నాతో పాటు పెంకులు ఏరింది. పోయేటప్పుడు కరివేపాకు తుంచుకుని పోయింది.

పండుగకు రా. రాకపోతే నేనే వస్తాను, నీ తలకు నూనె పెట్టడానికి.

నీ వదిన,
రంగమ్మాళ్